లెక్కలేని సెలవులు

రిత్విక్‌కు ఐదో ఏడు నడుస్తోంది. మగపిల్లవాడే. అయినా రోజూ పొద్దున వాళ్లమ్మ సుస్మిత వాణ్ని ముందు కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, చిక్కులు తీసి, రెండు జడలు అల్లి, ఎర్ర రిబ్బన్లతో పైకి మడిచి కట్టి అంగన్‌వాడీకి పంపిస్తుంది. వాడు దారి పొడుగునా రిబ్బన్లు పీక్కుంటూ పోతాడు. మగపిల్లవాడని ఆడపిల్లలు వాణ్ని ఆటలో చేర్చుకోరు. జడలున్నాయని మగపిల్లలు చేర్చుకోరు. వాడు గోడ పక్కన కూర్చుని ఒక్కడే మట్టిలో గీతలు గీసుకుంటాడు.

పుట్టెంటికలు తీయకుండా పిల్లవాడి తలకు కత్తెర తగలకూడదు. తీసే రోజు వాడు మేనమామ ఒడిలో కూర్చోవాలి. మొదటి కత్తెర మేనమామ వేయాలి, ఆ తర్వాతే మంగలి కత్తి. ఏడాది లోపు తీయాలి, తప్పితే మూడో ఏట, అదీ తప్పితే ఐదో ఏట. సరి సంఖ్య పడ్డ ఏట తీయరు. సుస్మిత మొక్కు చెర్వుగట్టు గుట్ట మీది స్వామికి. పిల్లవాడి మేనమామ నాగేందర్ పనిచేసేది ఆ గుట్టకు ఇరవై కిలోమీటర్ల లోపే, నకిరేకల్ దగ్గర హైవే పక్కనున్న పశువుల దాణా కంపెనీలో. మంచి కంపెనీ. అక్కడ సెలవులకు లెక్క లేదు. ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. పిల్లవాడి జడలు నడుం దాకా రావడానికి కారణం అదే.

మొదటి ఏడాది తప్పు కంపెనీది కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ ఏడు కరోనా వచ్చి గుట్ట మీద గుడికే తాళం పడింది. అప్పటికి కంపెనీ యజమాని కిష్టయ్య సేటు. ఆయన హయాంలో సెలవుల విధానం అంటూ ఏదీ లేదు. లేకపోవడం వల్ల సెలవులు దొరికేవి. ఎవరైనా వెళ్లి చేతులు నలుపుకుంటూ నిలబడితే సేటు కళ్లద్దాల పైనుంచి చూసేవాడు.

"ఎవడు సచ్చిండురా మళ్ల?"

"ఎవ్వరు సావలే సేటు. చుట్టాలింట్ల పెండ్లి."

"నీ పని ఎవడు సూస్తడు?"

"ఐలేశం కాక సూస్తడు."

"ఆనికి ఒప్పజెప్పి పో. ఎల్లుండి పొద్దుగాల రాకుంటే కాళ్లిరగ్గొడ్త."

అంతే. సేటు ఎవరి కాళ్లూ విరగ్గొట్టింది లేదు, ఎల్లుండి పొద్దున ఎవరూ రాకపోయిందీ లేదు. పనివాళ్లలో సగానికి పైగా గొర్లు కాసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒకడికి పెళ్లో చావో వచ్చిందంటే వాడి మందను పక్కవాడు తన మందలో కలుపుకుంటాడు. ఆ రోజు ఏ గొర్రె తప్పిపోయినా జవాబు చెప్పేది కలుపుకున్నవాడే. మళ్లీ ఇతనికి అవసరం పడ్డప్పుడు అతను కలుపుకుంటాడు. దీన్నే వంతు అంటారు. ఎవరూ కాగితం మీద పెట్టరు, ఎవరూ మర్చిపోరు. కిష్టయ్య సేటు కాలంలో దాణా మెషీన్లు కూడా అలాగే నడిచేవి. నాగేందర్ లేని రోజు అతని మెషీన్‌ను ఐలేశం కలుపుకునేవాడు, ఐలేశం లేని రోజు నాగేందర్. రోజుకు నలభై టన్నుల దాణా గోలీలై రాలేది.

తర్వాత సేటుకు మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. అల్లుడు రఘుపతి వచ్చాడు. మేనేజ్‌మెంట్ చదువుకున్నవాడు. వచ్చిన నెలలోనే పనివాళ్లందరినీ షెడ్డులో కూర్చోబెట్టి, తలా రెండు సమోసాలు పంచి, మైకు పట్టుకుని ప్రకటించాడు.

"ఈ రోజు నుంచి మీ సెలవుల మీద ఏ పరిమితీ లేదు. దీని పేరు స్వేచ్ఛా సెలవు. మీరు నా పనివాళ్లు కారు, నా కుటుంబం."

అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు బాగున్నాయి. ఆ సాయంత్రం నాగేందర్ ఇంటికి పోయి ఈ ముచ్చట చెబితే, గొర్లకు నీళ్లు పెడుతున్న అతని తండ్రి జంగయ్య చేతిలో బకెట్ కింద పెట్టాడు.

"కుటుంబం అన్నడా?"

"అన్నడు బాపు."

"గట్లయితే పైలం. నేను మీ అమ్మకు నలభై ఏండ్ల సంది ఒక్క సెలవు ఇయ్యలే."

జంగయ్య నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట నిజమని తేలడానికి వారం కూడా పట్టలేదు.

సెలవు కావాలంటే ఫోనులో కంపెనీ యాప్ తెరవాలి. ఎందుకు కావాలో వంద మాటలకు తగ్గకుండా రాయాలి. తనతో పాటు పనిచేసే ఎనిమిది మందీ తమ తమ ఫోన్లలో 'మాకు ఇబ్బంది లేదు' అని నొక్కాలి. ఆ రోజు ఉత్పత్తి తగ్గబోదని సెలవు అడిగినవాడే హామీ ఇవ్వాలి. ఇక ఒకరి పని ఇంకొకరు చేయడానికి వీల్లేదు, ఎవరి బాధ్యత వారిదే. అంటే మనిషి ఉండకూడదు, పని ఆగకూడదు, చేసేవాడు కూడా ఉండకూడదు. ఇవన్నీ దాటి వస్తే సెలవు ఎంత కావాలంటే అంత.

దీనికి తోడు క్యాంటీన్ గోడకు ఒక బోర్డు తగిలించారు. నెలలో ఒక్క సెలవూ తీసుకోనివాడి పేరు పక్కన కాగితం పువ్వు అంటిస్తారు. తీసుకున్నవాడి పేరు పక్కన ఏమీ ఉండదు. పువ్వు లేని పేరుకు ఏమవుతుందో ఎక్కడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఎవరో ఒకరు తెగించేవారేమో. చెప్పలేదు కాబట్టి అందరూ భయపడ్డారు.

రిత్విక్‌కు మూడో ఏడు వచ్చినప్పుడు నాగేందర్ యాప్‌లో వంద మాటలు రాశాడు. పుట్టెంటికలు అంటే ఏమిటో రాశాడు, మేనమామ ఒడి ఎందుకో రాశాడు, ఇంకా ఇరవై మాటలు తక్కువైతే గుట్టకు దారి ఎటో రాశాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. 'మీ కోరికను గౌరవిస్తున్నాం. మీ బృందం అవసరాలను మీరు కూడా గౌరవిస్తారని నమ్ముతున్నాం.' ఇది ఔననడమా కాదనడమా అని ఎనిమిది మందీ క్యాంటీన్‌లో తలలు పట్టుకున్నారు. చివరికి అందరిలో పెద్దవాడైన ఐలేశం తేల్చాడు.

"ఇంత మర్యాదగ చెప్పిండ్రంటే ఇయ్యనట్టే బిడ్డా. సేటు ఇచ్చేటప్పుడు తిట్టేటోడు."

అలా మూడో ఏడు గడిచిపోయింది. సుస్మిత ఆ ఏడాది రిబ్బన్లు కొన్నది.

కొత్త విధానం వచ్చిన మొదటి ఏడాది మొత్తంలో ఒక్కరూ సెలవు తీసుకోలేదు. రఘుపతి దాన్ని చూసి మురిసిపోయాడు. అడ్డు లేకుండా సెలవులిచ్చినా తీసుకోవడం లేదంటే పని మీద ఎంత ప్రేమో అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. పనివాళ్లు మాత్రం ఒళ్లు బాగాలేకపోయినా వచ్చారు, మనసు బాగాలేకపోయినా వచ్చారు. ఐలేశం జ్వరంతో వచ్చి తవుడు బస్తాల మీద పడి నిద్రపోయాడు. నిద్ర కళ్లతో ఒకడు బెల్లపు మడ్డి పీపా తిరగేస్తే సగం రోజు షెడ్డంతా కాళ్లు అంటుకుపోయాయి. అన్నను కాటికి పంపిన మర్నాడే వచ్చినవాడు మెషీన్‌లో ఆవిరి ఎక్కువ వదిలితే గోలీలన్నీ ముద్దకట్టి, మూడు గంటలు సుత్తులతో కొట్టి తీశారు. నలభై టన్నులు ముప్పై ఒకటికి దిగాయి.

రఘుపతి ఎందుకు తగ్గిందో ఆలోచించాడు. పనివాళ్లలో ఉత్సాహం తగ్గిందని కనిపెట్టాడు. ఉత్సాహం పెంచడానికి శిక్షణ తరగతులు పెట్టించాడు. అవి ఆదివారాలు పెట్టించాడు.

ఇదంతా జరుగుతుండగా ఐలేశం భార్య జానమ్మకు కంట్లో శుక్లం వచ్చింది. నల్లగొండ దవాఖానలో ఆపరేషన్‌కు రెండుసార్లు తేదీ ఇచ్చారు. వెంట మనిషి ఉండాలన్నారు. రెండు తేదీలూ దాటిపోయాయి. బియ్యంలో రాళ్లు ఐలేశమే ఏరుకుంటున్నాడు. ఆ సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేవాడు.

రిత్విక్‌కు ఐదో ఏడు వచ్చింది. మాఘమాసంలో సోమవారం, పొద్దున పదిన్నర లోపు అని పంతులు ముహూర్తం పెట్టాడు. సుస్మిత అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, గీ మాఘం దాటితే పోరనికి ఆరో ఏడు వడ్తది. మళ్ల ఏడో ఏడు దాక ఆగాలె. బడికి పోవాలె వాడు. జడలేసుకొని ఒకటో తరగతి సదువుతడా?"

"వస్త చెల్లె."

"పోయినసారి గూడ గిట్లనే అన్నవు. మీ బావ ఏమంటున్నడో తెలుసా? నువ్వు రాకుంటే లింగస్వామన్న ఒళ్లె కూసోబెడ్తమంటున్నడు. ఆయన కూడ మామ వరసే గదా అంటున్నడు."

లింగస్వామి వాళ్ల చిన్నాయన కొడుకు. నకిరేకల్‌లో ఫోన్ల దుకాణం. ఎప్పుడంటే అప్పుడు షట్టర్ దించి రాగలడు, వచ్చి అన్ని ఫొటోల్లో మధ్యలో నిలబడగలడు. నాగేందర్ ఫోన్ పెట్టేశాడు. సుస్మిత కాన్పుకు వచ్చినప్పుడు దవాఖాన వరండాలో పిల్లవాణ్ని మొదట ఎత్తుకున్నది తను. ఆ గుప్పెడు మనిషి తన బొటనవేలు పట్టుకుని వదలలేదు. సొంత మేనమామ బతికుండగా, ఇరవై కిలోమీటర్లలో దాణా గోలీలు చేస్తూ కూర్చుని ఉండగా, వాడు ఇంకొకరి ఒడిలో కూర్చుంటే రేపు ఏ ముఖంతో ఆ ఇంటికి పోవాలి? పోయినా చెల్లె మంచినీళ్లిస్తుంది. మంచినీళ్లు మాత్రమే ఇస్తుంది.

సరిగ్గా ఆ వారమే హైదరాబాద్ ఆఫీసు నుంచి అనూహ్య మేడం ఫోన్ వచ్చింది. సెలవుల యాప్ చూసేది ఆవిడే. నకిరేకల్ వైపు ఎప్పుడూ రాలేదు.

"నాగేందర్ గారూ, మీకో గుడ్ న్యూస్. మీకు మూడు రోజుల సెలవు మంజూరైంది. ఎల్లుండి నుంచి."

"నేను అడుగలే గద మేడం."

"అదేనండీ సమస్య. ఎవరూ అడగడం లేదు. ఉద్యోగుల ఆనందానికి అవార్డు ఇచ్చే సంస్థ ఒకటి ఉంది, మన స్వేచ్ఛా సెలవును పోటీకి పంపాం. ఎంతమంది వాడుకున్నారని ఫారంలో అడుగుతున్నారు. సున్నా అని రాయలేం కదా. పాత అభ్యర్థనల్లో మీదే ఒకటి కనిపించింది."

"గట్లయితే మాఘంల ఇయ్యుండ్రి మేడం. ఒక్క సోమారం సాలు, మూడొద్దులు గూడ వద్దు."

"జనవరి ముప్పై ఒకటి లోపే అయిపోవాలండీ."

"ఇప్పుడు పుష్యం మేడం. శుభకార్యం చెయ్యరు."

"అయ్యో, మీరు ఏ కార్యమూ చేయనక్కర్లేదు. విశ్రాంతి తీసుకుంటే చాలు."

"నాకొద్దంటే?"

"వద్దనడానికి యాప్‌లో వీలు లేదండీ. స్వేచ్ఛా సెలవు కదా."

జంగయ్య కొడుకు కోసం పంతులు దగ్గరికి కూడా పోయి వచ్చాడు. పుష్యంలో పుట్టెంటికలు తీయమని తన నోటితో చెప్పలేనన్నాడు పంతులు. అలా నాగేందర్ మూడు రోజులు ఇంట్లో కూర్చుని బలవంతంగా విశ్రాంతి తీసుకున్నాడు. అదీ ఊరికే కాదు, రోజుకొక ఫొటో పంపాలి. మొదటి రోజు మంచం మీద కూర్చున్న ఫొటో పంపితే 'ఆనందం స్పష్టంగా కనిపించడం లేదు' అని తిరగ్గొట్టారు. రెండో రోజు గొర్రెపిల్లను ఎత్తుకున్న ఫొటో పంపితే పనిచేస్తున్నట్టుంది అన్నారు. మూడో రోజు జంగయ్య పక్కనే నిలబడి, నవ్వరా, పండ్లు కనబడాలె, అని నవ్వించబోయాడు. ఆ ఫొటోలో నాగేందర్‌ను చూస్తే ఎవరో కొట్టినట్టుంది.

చివరికి కంపెనీ వాళ్లే ఇంటర్నెట్‌లోంచి ఒక బొమ్మ తీసుకున్నారు. నాగేందర్ పనిలోకి వచ్చేసరికి గేటు దగ్గర మనిషంత పోస్టర్ వేలాడుతోంది. అందులో ఎవరో తెల్లటి మనిషి రెండు కొబ్బరిచెట్ల మధ్య వల ఉయ్యాలలో పడుకుని నవ్వుతున్నాడు. వెనక నీలం సముద్రం. కింద పెద్ద అక్షరాలతో, 'నాగేందర్, మెషీన్ ఆపరేటర్, వయసు 31. నా సెలవు, నా ఆనందం.' నకిరేకల్ చుట్టుపక్కల సముద్రం ఎక్కడుందని ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ పెద్దులు మాత్రం పోస్టర్‌నూ నాగేందర్‌నూ మార్చి మార్చి చూసి, ఎండకు నల్లవడ్డవ్ గాని ముక్కు నీదే, అన్నాడు.

ఇంకో విచిత్రం జరిగింది. ఆ మూడు రోజులూ నాగేందర్ మెషీన్‌ను ఐలేశం ఎవరికీ చెప్పకుండా పాత పద్ధతిలో కలుపుకున్నాడు. ఐలేశం పనిని ఇంకో ఇద్దరు కలుపుకున్నారు. చాలా కాలం తర్వాత ఒకరి కోసం ఒకరు పనిచేయడంతో అందరికీ హుషారు వచ్చింది. రోజుకు ముప్పై తొమ్మిది టన్నులు పడింది. రఘుపతి ఆ లెక్క చూసి, సెలవు ఇస్తే ఉత్పత్తి పెరుగుతుందని తన విధానం రుజువు చేసిందన్నాడు. అవార్డు సంస్థకు వెంటనే రాశాడు.

ఇది విని నాగేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. సెలవిస్తే ఉత్పత్తి పెరిగిందని వాళ్లే అంటున్నారు, ఇక అడ్డేముంటుంది? మాఘ సోమవారానికి మళ్లీ వంద మాటలు రాశాడు. జవాబు అరగంటలో వచ్చింది. 'మీ కోరికను గౌరవిస్తున్నాం. అదే రోజు అవార్డు కమిటీ మన కంపెనీకి వస్తోంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు సభ. సెలవు మీ జీవితాన్ని ఎలా మార్చిందో మీరు పది నిమిషాలు మాట్లాడాలి. మీ హాజరు తప్పనిసరి.'

సెలవు గొప్పతనం గురించి మాట్లాడాల్సి ఉంది కాబట్టి సెలవు లేదు.

నాగేందర్ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు ధైర్యం చేసి రఘుపతి గదిలోకి పోయాడు. మూడేళ్లలో ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. రఘుపతి ముందు మూడు తెరలు. ఒకదాంట్లో టన్నుల లెక్క, ఒకదాంట్లో బోర్డు మీద పువ్వులు, ఒకదాంట్లో షెడ్డు పైకప్పుకు పెట్టిన కెమెరా. పైనుంచి చూసే కెమెరాలో మనుషులు కనబడరు, పసుపు టోపీలు కనబడతాయి. అన్ని టోపీలూ ఉన్నాయా లేదా అన్నదే ఆయన చూసుకునేది.

"సార్, సోమారం నాడు..."

"ఆ, సోమవారం. అన్నీ రెడీనా?" రఘుపతి తల ఎత్తలేదు. "ఒక పని చెయ్. ఆ నాగేందర్ ఉన్నాడు కదా, అతనికి చెప్పు. నీట్‌గా షేవ్ చేసుకుని, ఉతికిన యూనిఫాం వేసుకుని రమ్మను. పోస్టర్‌లో ఉన్నట్టు కొంచెం నవ్వుతూ ఉండమను."

 నాగేందర్ చొక్కా జేబు మీద అతని పేరు రాసిన రేకు మెరుస్తూనే ఉంది.

"చెప్త సార్," అని బయటికి వచ్చాడు.

బస్తాల వెనక ఐలేశం బీడీ ముట్టించబోతూ ఆగాడు. నాగేందర్ జరిగింది చెప్పాడు. చెబుతూ చెబుతూ అతనికి కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. మూడేళ్లుగా వాళ్ల గోలీలు చేస్తున్నాను, నా ముఖం కూడా తెల్వదు కాక, అన్నాడు. ఐలేశం మాత్రం బీడీని చెవి వెనక పెట్టుకుని మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"పిచ్చోడా, ఏడుస్తవేంది? సారుకు నువ్వెవరో తెల్వదు. మేడం నీ ఫొటోలు సూసినా ఇటు దిక్కు రాదు. వచ్చేటోళ్లకు అసలే తెల్వదు. వాళ్లకు కావల్సింది నీ పేరున్న రేకు. నీ సొక్క నాకియ్యి."

"నువ్వెట్ల కాక? నీకు యాభై నాలుగు. మీసం తెల్లగైంది."

"మందను కలుపుకునేటోడు గొర్లను అడుగుతడా, నన్ను గుర్తువడ్తున్నరా అని? నువ్ పో. గీ మంద నేను కాస్త."

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు పచ్చటి మామిడాకులు కట్టిన డీసీఎం వ్యాన్ ఒకటి హైవే మీద కంపెనీ ఎదురుగా ఆగింది. ఇరవై మంది చుట్టాలు, రెండు వంట గిన్నెలు, విందుకు ఒక యాటపోతు. గేటు దగ్గర వేలిముద్ర మెషీన్ ఉంది కానీ, బస్తాలు మోసి మోసి అరిగిన వేళ్లను అది ఏనాడూ పట్టలేదు. హాజరు వేసేది పెద్దులే. అతను నాగేందర్ పేరు పక్కన టిక్కు కొట్టి, నాగేందర్‌కే గేటు తీసి బయటికి పంపాడు. నాగేందర్ బనియన్ మీదే రోడ్డు దాటి పరుగెత్తాడు. డీసీఎం పైనుంచి సుస్మిత కొత్త చొక్కా విసిరింది.

"ఉత్తదే అనుకున్న. నిజంగనే వచ్చినవానే?" అంది. లింగస్వామి ముందు సీటులో తెల్లబట్టలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. నాగేందర్ వెనక ఎక్కి యాట పక్కన కూర్చున్నాడు. ఆ ఇరవై కిలోమీటర్లూ దాని మెడ నిమురుతూనే ఉన్నాడు.

గుట్ట మీద పది గంటలకు రిత్విక్ మేనమామ ఒడిలో కూర్చున్నాడు.  మంగలి కత్తెర అందించి, జర పైలం, అన్నాడు. మొదటి కుచ్చు తెగి నాగేందర్ అరచేతిలో పడింది. ఐదేళ్ల జుట్టు, పుట్టినప్పటి మెత్తదనం కొసల్లో ఇంకా ఉంది. పిల్లవాడు ఏడుస్తాడని అందరూ అరటిపండ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాడు ఏడవలేదు. మామ బొటనవేలు గట్టిగా పట్టుకుని, రాలుతున్న జడలను శత్రువులను చూసినట్టు చూశాడు.

"పోరడు మంచిగనే ఉన్నడు. నువ్వెందుకేడుస్తున్నవే?" అని సుస్మిత కొంగుతో అన్న ముఖం తుడిచింది. తర్వాత తన ముఖం తుడుచుకుంది.

రిత్విక్ నున్నటి తల తడుముకున్నాడు. "మామా, జడలు మళ్ల రావు గదా?"

"రావు బిడ్డా. సామి తీసుకున్నడు."

"రిబ్బన్లు గూడ తీసుకొమ్మను," అన్నాడు వాడు.

ఆ సమయానికి కంపెనీ షెడ్డులో ఏం జరుగుతోందో మర్నాడు పెద్దులూ మిగతావాళ్లూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ నాగేందర్‌కు చెప్పారు. హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. వేదిక మీద పూలదండలు. నాగేందర్ పేరు పిలవగానే, నాగేందర్ రేకు తగిలించుకున్న ఐలేశం మీసం దువ్వుకుంటూ ఎక్కాడు. కమిటీలో ఒకావిడ చేతిలోని కాగితం చూసింది, ఐలేశాన్ని చూసింది.

"మీ వయసు ముప్పై ఒకటా?"

"ఔ మేడం. సెలవు లేక గిట్లైన. మొదలు ఇంకా ముసలిగుంటుంటి. మూడొద్దులు సెలవు తీస్కున్నంక గీ మాత్రం తగ్గింది."

కమిటీ వాళ్లు మొహమొహాలు చూసుకుని గబగబా రాసుకున్నారు. రఘుపతి ముఖం వెలిగిపోయింది. ఐలేశానికి శాలువా కప్పారు, 'ఆదర్శ సెలవు వినియోగదారుడు' అని నాగేందర్ పేరుతో ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ ఊపులో రఘుపతి మైకు అందుకుని, నాగేందర్, ఈ రోజు నీకు ఏం కావాలో అడుగు, అన్నాడు.

 ఐలేశం అప్పటిదాకా వేస్తున్న వేషం ఒక్క క్షణం మర్చిపోయాడు.

"ఒక్క రోజు సెలవు కావాలె సార్. నా ఇంటామెకు కండ్లు కనవడ్తలేవు. దవాఖానకు తోల్కపోవాలె."

రఘుపతి పగలబడి నవ్వాడు. చూశారా, మా వాళ్లకు ఎంత హాస్యమో, అని కమిటీ వైపు తిరిగాడు. కమిటీ నవ్వింది. ముందు వరుస నవ్వింది. ఆనందం స్పష్టంగా కనిపించిందని ఫారంలో రాసుకున్నారు. వెనక బస్తాల దగ్గర నిలబడ్డవాళ్లు మాత్రం నవ్వలేదు. ఐలేశం శాలువా సర్దుకుని కిందికి దిగాడు.

ఇంతవరకు చెప్పి పెద్దులు ఆగిపోయాడు. గుట్ట ప్రసాదం డబ్బా పట్టుకుని నాగేందర్ నేరుగా ఐలేశం దగ్గరికి పోయాడు. ఐలేశం మామూలుగానే మెషీన్ దగ్గర ఉన్నాడు. ప్రశంసాపత్రం మడత విప్పి ఇచ్చాడు.

"ఇగో, నీదే. నాకైతే వయసు తగ్గింది."

నాగేందర్ కాగితం చూడలేదు. ప్రసాదం అతని చేతిలో పెట్టాడు.

"కాక, నీ సొక్క ఇయ్యి."

"ఎందుకు?"

"ఈ బేస్తారం చిన్నమ్మను నల్లగొండకు తోల్కపో. నీ మంద నేను కాస్త."

ఐలేశం ప్రసాదం నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత అటు తిరిగి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

గురువారం జానమ్మ కంటికి ఆపరేషన్ అయింది. ఆ నెలలో పెద్దులు గేటు దగ్గర చాలా టిక్కులు కొట్టాడు, చాలామందిని బయటికి పంపాడు. ఒకడు బిడ్డ నిశ్చితార్థానికి పోయాడు, ఒకడు అన్న దినానికి పోయాడు, ఒకడు ఏ పనీ లేక రోజంతా ఇంట్లో పడుకున్నాడు. పేరు రేకులు ఒక జేబు మీంచి ఇంకో జేబు మీదికి తిరిగాయి. మనిషి లేని టోపీని బస్తా మీద బోర్లించారు, కెమెరాకు టోపీలు లోటు రాలేదు. బోర్డు మీద ఒక్క పువ్వూ రాలలేదు. ఉత్పత్తి నలభై రెండు టన్నులకు ఎక్కింది.

నెలాఖరున రఘుపతి స్వయంగా షెడ్డులోకి వచ్చాడు. జానమ్మ కంటి పట్టీ విప్పించడానికి ఐలేశం మళ్లీ దవాఖానకు పోయిన రోజది. అతని చొక్కా వేసుకుని నాగేందర్ అతని మెషీన్ మీద ఉన్నాడు. రఘుపతి జేబు మీది రేకు చదివాడు, భుజం తట్టాడు.

"ఐలేశం, మూడేళ్లలో నువ్వు ఒక్క రోజు కూడా సెలవు తీసుకోలేదు. వయసు కూడా పైబడినట్టు లేదు. నిన్ను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి."

"నేర్చుకుంటున్నరు సార్," అన్నాడు నాగేందర్.